హైదరాబాద్ నుంచి ఒక్క రోజు షికార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం దగ్గరపడుతుంటే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఎటు పోదాం, ఎన్నింటికి బయల్దేరాలి, అమ్మమ్మ ఎక్కగలదా, కట్టుకెళ్లిన అన్నం పాడవదా? వాటికి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. పొద్దున వెళ్లి రాత్రి అన్నం వేళకు ఇల్లు చేరగలిగే చోట్ల గురించే ఇక్కడ రాశాం. ముందే ఒక్క మాట: ఒక రోజుకు ఒక పెద్ద చోటు చాలు, దారిలోనే ఉంటే ఇంకో చిన్న చోటు. మూడోది కలిపారంటే చూసేదానికన్నా కారులో కూర్చునేదే ఎక్కువవుతుంది.

## ఎటు వెళ్లాలో తేల్చుకునేటప్పుడు

ఒక్క రోజులో ఎంత దూరం వెళ్లి రావచ్చు?

ఐదేళ్లలోపు పిల్లలు గానీ పెద్దవాళ్లు గానీ ఉంటే ఒకవైపు 80 కి.మీ. దాటకండి. అందరూ వయసులో ఉన్నవాళ్లయితే 150 కి.మీ. దాకా పర్వాలేదు. అయితే కిలోమీటర్ల కన్నా గంటలు లెక్కేసుకోవడం మేలు. కూకట్‌పల్లిలో ఉండేవాళ్లు ఊరి మధ్య నుంచి ఉప్పల్ దాటడానికే గంట పైన పడుతుంది, అదే ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్తే చుట్టు తిరిగినా త్వరగా చేరతారు. రానూపోనూ ప్రయాణం ఐదు గంటలు మించితే ఆ చోటును ఒక రాత్రి బస ఉండే రోజుకు అట్టిపెట్టుకోండి.

మొదటిసారి వెళ్తున్నాం. ఏ వైపు సులువు?

వరంగల్ రహదారి. రోడ్డు వెడల్పుగా ఉంటుంది, రైలుంది, బస్సులకు కొదవ లేదు, తిండికి ఇబ్బంది పడరు. భువనగిరి కోట 50 కి.మీ., యాదగిరిగుట్ట 60 పైచిలుకు, కొలనుపాక 80. మూడూ ఒకే వరుసలో ఉన్నాయి కదా అని మూడూ పెట్టుకుంటారు. కోట ఎక్కి దిగాక కాళ్లు లాగుతుంటే గుట్ట మీద దర్శనం వరసలో నిలబడటం పిల్లలకు శిక్ష. కోట, పోచంపల్లి ఒక రోజు, గుట్ట, కొలనుపాక ఇంకో రోజు పెట్టుకుంటే హాయిగా సాగుతుంది.

ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లున్నారు. వాళ్లను ఎక్కడికి తీసుకెళ్లొచ్చు?

కొలనుపాక అన్నిటికన్నా మంచిది. జైన మందిరం, సోమేశ్వరాలయం రెండూ సమతల నేల మీదే ఉన్నాయి, మధ్య దూరమూ తక్కువే. సోమేశ్వరాలయ ప్రాంగణంలో పరచి ఉంచిన పాత శిల్పాలు, శాసనాలు నిదానంగా చూసుకోవచ్చు. వీరశైవులు తమ గురువు రేణుకాచార్యులు పుట్టినచోటుగా కొలిచే క్షేత్రం అది. జైన మందిరం లోపల ఫొటోలు తీయనివ్వరు. పోచంపల్లిలో కూడా ఎక్కే మెట్లేమీ ఉండవు. మెదక్ చర్చి దాదాపు 100 కి.మీ., పైన చెప్పిన హద్దు కాస్త దాటుతుంది గానీ లోపల కూర్చోడానికి బల్లలుంటాయి. భువనగిరి కోట, రాచకొండ మాత్రం వాళ్లతో వద్దు. కింద కారులో కూర్చోబెట్టి మిగతావాళ్లు ఎక్కి రావడమంటే వాళ్లకు ఎండలో రెండు గంటల కాపలా.

అనంతగిరి ఎప్పుడు వెళ్తే పచ్చగా ఉంటుంది?

జులై నడిమి నుంచి అక్టోబర్ చివరి దాకా. మార్చి వచ్చేసరికి ఆకు రాలి కొండలు బోసిపోతాయి, ఫొటోల్లో చూసి ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లు నిరాశపడేది అందుకే. వికారాబాద్ పక్కనున్న ఈ కొండల్లోనే మూసీ పుడుతుంది. వానాకాలం శని, ఆదివారాల్లో ఘాటు రోడ్డు మీద వాహనాలు బారులు తీరతాయి గనక ఎనిమిదింటికల్లా పైన ఉండేలా చూసుకోండి, లేదా మామూలు రోజున వెళ్లండి. కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్ చేయాలంటే మరో 20 కి.మీ. ముందుకెళ్లాలి. లైఫ్ జాకెట్ బిగించి కట్టాకే పడవెక్కండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాకా వస్తోందంటే అది మీకు వదులు, ఇంకోటి అడగండి.

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

నీటిమట్టం చూడండి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వార్తల్లో 585 దాటి పెరుగుతోందని, పైనుంచి వరద వస్తోందని ఉంటే గేట్లు ఎత్తే రోజు దగ్గర్లోనే ఉంది. శ్రీశైలంలో పూర్తి మట్టం 885 అడుగులు. అక్కడ గేట్లు తెరిచినా సాగర్ నిండటానికి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు, శ్రీశైలం వార్త చూసి ఆ రోజే బయల్దేరితే ఖాళీ చేతులతో వస్తారు. మంచి వరద వచ్చిన ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఈ అవకాశం ఎక్కువ. 26 గేట్లూ ఒకేసారి ఎత్తుతారని ఆశించకండి, వచ్చే వరదను బట్టి కొన్నే ఎత్తుతారు.

ఒకవైపు దాదాపు 150 కి.మీ. కాబట్టి ఇంట్లో ఐదున్నరకే కదలాలి. నాగార్జునకొండ ద్వీపంలోని మ్యూజియంకు శుక్రవారం సెలవు. అక్కడికి లాంచీలోనే వెళ్లాలి కనుక ద్వీపం చూడాలనుకుంటే పొద్దున మొదటి పని అదే. గేట్లు సాయంత్రం దాకా కనిపిస్తూనే ఉంటాయి. చంద్రవంక వాగు మీది ఎత్తిపోతల జలపాతం ఇంకొంచెం దూరమే, సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. ద్వీపం, ఎత్తిపోతల రెండూ ఒకే రోజు కుదరడం కష్టం, పిల్లలుంటే జలపాతం ఎంచుకోండి.

రామప్ప గుడి ఒక్క రోజులో చూసి రావచ్చా?

వెళ్లి రావచ్చు గానీ వద్దు. ఒకవైపే 200 కి.మీ. పైన. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మండపపు మూలల్లో ఉన్న నల్లరాతి మదనికలను, అంటే నాట్య భంగిమల్లోని స్త్రీ శిల్పాలను తీరిగ్గా చూడటానికే గంట కావాలి. హనుమకొండలో ఒక రాత్రి ఉండి వెళ్లండి.

మాకు వారం మధ్యలో సెలవు దొరుకుతుంది. ఆ రోజు ఏవి మూసి ఉంటాయి?

సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం ఉండవు. జూపార్కుకు సోమవారం సెలవు. గోల్కొండ కోట అన్ని రోజులూ తెరిచే ఉంటుంది.

సగం పూటే ఖాళీ ఉంది. ఊరు దాటకుండా ఎక్కడికి?

పొద్దున పూట అయితే అమీన్‌పూర్ చెరువు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షులు వస్తాయి, ఏడింటిలోపు వెళ్తే బాగా కనిపిస్తాయి. బైనాక్యులర్ లేకపోయినా కనీసం పిల్లలకు ఎరుపు, పసుపు బట్టలు వేయకండి. సాయంత్రమైతే గండిపేట. 1908 మూసీ వరదల తర్వాత, మళ్లీ అంత నష్టం జరగకూడదని కట్టిన రెండు జలాశయాల్లో ఒకటి అది, రెండోది హిమాయత్‌సాగర్. గోల్కొండకు వెళ్లేట్టయితే పొద్దున తెరవగానే వెళ్లండి. బాలాహిసార్ దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు కొండపైకి వినిపించడం నిశ్శబ్దం ఉన్నప్పుడే తెలుస్తుంది, పదకొండు దాటాక ఆ జనంలో ఏ చప్పుడు ఎవరిదో పోల్చుకోలేం.

## బండి, బస్సు, రైలు

సొంత బండి లేదు. రైల్లో వెళ్లగలిగేవి ఏవి?

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్లే లైనులో భువనగిరి, రాయగిరి, ఆలేరు వరసగా వస్తాయి. కోటకు భువనగిరిలో, గుట్టకు రాయగిరిలో, కొలనుపాకకు ఆలేరులో దిగి ఆటో మాట్లాడుకోవాలి. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఈ స్టేషన్లలో ఆగవు, ఆగే బండి చూసుకునే టికెట్ తీసుకోండి. వికారాబాద్‌కు సికింద్రాబాద్, లింగంపల్లిల నుంచి బండ్లున్నాయి, స్టేషన్ నుంచి అనంతగిరి ఐదారు కిలోమీటర్లు. దిగిన వెంటనే తిరుగు బండి వేళ చూసి పెట్టుకోండి. ఆటో అతనితో రానూపోనూ, అక్కడ ఎంతసేపు ఆగాలో కూడా కలిపి ముందే బేరం చేయండి. కొలనుపాక నుంచి సాయంత్రం పూట ఖాళీ ఆటో దొరకడం కష్టం.

ఆడవాళ్ల ఉచిత బస్సు ప్రయాణం ఈ షికార్లకు పనికొస్తుందా?

పనికొస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం నడుస్తోంది. తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపించాలి, జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని బస్సులకు ఇది వర్తించదు. ఆదివారం పొద్దున యాదగిరిగుట్ట బస్సులు కిక్కిరిసి ఉంటాయి. పెద్దవాళ్లుంటే మధ్య స్టాపులో కాకుండా బస్సు మొదలయ్యే చోటే ఎక్కండి, సీటు దొరుకుతుంది.

కారులో వెళ్తే ఖర్చు ఎలా లెక్కేసుకోవాలి?

రానూపోనూ దూరానికి పదో వంతు కలపండి, దారి తప్పడాలు, టీ కోసం పక్కకు తిరగడాలు అందులోకి వస్తాయి. కొలనుపాకకు 160 కి.మీ. అనుకుంటే 176 అవుతుంది. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే బండికి 12 లీటర్ల లోపు పెట్రోలు. జాతీయ రహదారి టోల్‌గేటులో 24 గంటల్లోపు తిరిగొస్తే రెండు వైపులా కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది, ఫాస్టాగ్‌లో సరిపడా డబ్బుంచండి. పార్కింగుకు, చెప్పుల స్టాండుకు పది, ఇరవై నోట్లు ఉంచుకోండి. కొండల దగ్గర సిగ్నల్ లేక ఫోన్‌పే ఆగిపోతే చిల్లరే గతి.

కారెక్కితే చాలు, మా బాబుకి వాంతులు. ఏం చేయాలి?

బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలు పెట్టండి, ఖాళీ కడుపూ మంచిది కాదు, పూరీలూ వద్దు. పాలు మానేయండి. దూరంగా రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టి ఫోను చేతికివ్వకండి. కదిలే బండిలో దగ్గరి తెర చూస్తుంటే కళ్లు ఒకటి చెబుతాయి, చెవి లోపలి సమతుల్యత భాగం ఇంకోటి చెబుతుంది, వికారం పుట్టేది ఆ తేడాతోనే. కారులో పరిమళం వేలాడదీసి ఉంటే తీసేయండి. మాత్ర వేయాల్సి వస్తే పిల్లల డాక్టరు చెప్పిన మోతాదే, అదీ బయల్దేరడానికి ముందే. వాంతి మొదలయ్యాక మింగించినది నిలవదు.

## తిండి, నీళ్లు

ఏం వండుకెళ్తే సాయంత్రం దాకా పాడవకుండా ఉంటుంది?

చింతపండు పులిహోర. పులుపు, ఉప్పు, నూనె మూడూ కలిసి కాపాడతాయి. కిలో బియ్యానికి 120 గ్రాముల చింతపండు, 150 మి.లీ. నూనె లెక్క, ఎనిమిది పదిమందికి వస్తుంది. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడకాలి, నీరు మిగిలితే మధ్యాహ్నానికే వాసన తిరుగుతుంది. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, పసుపు, రెండు చెంచాల నూనె చల్లి పూర్తిగా ఆరాకే పులుసు కలపండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పొద్దున తొందరలో వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. ఆవిరి మూతకు పట్టి, చుక్కలు చుక్కలుగా అన్నం మీద పడి, పైపొర జిగురవుతుంది. పులుసు ముందు రాత్రే చేసి పెట్టుకుంటే పొద్దున అన్నం ఆరడానికి వ్యవధి ఉంటుంది.

పెరుగన్నంలో పెరుగు కలపకండి, పాలు పోయండి. పావుకిలో బియ్యపు అన్నం మెత్తగా మెదిపి, అర లీటరు కాచి చల్లార్చిన పాలు, రెండు చెంచాల పెరుగు వేస్తే మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది. ఎండాకాలమైతే ఒక చెంచా పెరుగే వేయండి. ఉల్లిపాయ ముక్కలు తినేటప్పుడే కలపాలి.

కొబ్బరి పచ్చడి, పప్పు, టమాటా వేసిన బంగాళాదుంప కూర తీసుకెళ్లకండి, వేడికి నాలుగు గంటలు కూడా ఆగవు. చపాతీలతో ఆవకాయ, మాగాయ చాలు. గుడ్లు ఉడికించి పెంకు తీయకుండా పెట్టండి.

మనిషికి ఎన్ని నీళ్లు పట్టుకెళ్లాలి?

చలికాలం ఒకటిన్నర లీటరు, ఎండాకాలం మూడు. కోట ఎక్కేటప్పుడు మనిషికో లీటరు సీసా భుజాన ఉండాలి, మిగతాది కారులో. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి సరిగ్గా దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు.

## అక్కడికి చేరాక

భువనగిరి కోట ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? పిల్లలు ఎక్కగలరా?

నిదానంగా ముప్పావు గంట నుంచి గంట. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలు బాగానే ఎక్కుతారు. కోటంతా ఒకే రాతిబండ మీద ఉంది, సుమారు 500 అడుగుల ఎత్తు, చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతోనే ఊరికి ఆ పేరు. మొదట ద్వారాలు, మెట్లు, ఆ తర్వాత బోడిబండ. నీడ దాదాపు లేదు, ఎండాకాలం బండ కింది నుంచి కూడా సెగ కొడుతుంది. కాబట్టి టికెట్ కౌంటర్ తెరవగానే ఎక్కండి, మార్చి నుంచి మే వరకు పదకొండు లోపు దిగిపోవాలి.

ఎక్కడం కన్నా దిగడమే జాగ్రత్త. తడిబండ మీద నున్నటి చెప్పు పట్టు నిలవదు. వాన పడుతుంటే ఎక్కకండి, పైన ఉండగా మొదలైతే ఆగాక బండ ఆరేదాకా కూర్చోండి. అడుగున గాళ్లున్న బూట్లే వేయండి. పై భాగంలో నీళ్ల గుంటల అంచుకు పిల్లలను వెళ్లనివ్వద్దు. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. ఆ మాట కింద చెబితే పిల్లలు పైదాకా అలసట అనరు.

గుడికి వెళ్లేసరికి తలుపులు మూసేశారు. ఏ వేళకు వెళ్లాలి?

ఊళ్లలోని పాత గుళ్లు చాలావరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మూస్తారు. గుడిని పొద్దున పదకొండుకు ముందే పెట్టుకుని, మ్యూజియం, చేనేత ఊరు లాంటివి ఆ తర్వాతకు ఉంచండి. యాదగిరిగుట్టలో శని, ఆదివారాల రద్దీ ఎక్కువ. ఆలయం 2022 మార్చిలో తిరిగి తెరిచాక వచ్చేవాళ్లు బాగా పెరిగారు, దర్శనానికి రెండు మూడు గంటలు కేటాయించుకోండి.

కోతులు చేతిలోవి లాక్కుంటాయట, నిజమేనా?

నిజమే. అనంతగిరి, కీసరగుట్ట, యాదగిరిగుట్టల్లో ఎక్కువ. వాటికి తెలిసిన గుర్తు చప్పుడు చేసే ప్లాస్టిక్ కవరు. తిండి బట్టసంచిలో పెట్టి జిప్ వేయండి, కారు అద్దాలు పూర్తిగా ఎత్తండి. లాక్కుంటే వదిలేయండి, గుంజుకుంటేనే కరుస్తుంది. కరిచినా గీరినా వెంటనే పారే నీళ్లకింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపు, సున్నం పూయకండి.

చెరువులో, జలాశయంలో కాసేపు దిగొచ్చా?

దిగకండి. పైకి నిలకడగా కనిపించే నీటి కింద పూడిక, మట్టి తవ్విన గుంతలు ఉంటాయి, మోకాలి లోతు తర్వాత అడుగే పది అడుగుల లోతు కావచ్చు. ఈత వచ్చినవాళ్లు కూడా మునిగేది బురదలో కాలు దిగబడి. ఎవరైనా మునుగుతుంటే దూకకుండా చీర, తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా విసరండి.

మెదక్ చర్చిలో రంగుటద్దాలు ఏ వేళ బాగా కనిపిస్తాయి?

ఎండ ఉన్నప్పుడు, లోపలి నుంచి. బయటి నుంచి చూస్తే అవి నల్లగా ఉంటాయి, పొద్దు గూకాక లోపల నుంచీ ఏమీ కనిపించదు. కాబట్టి సాయంత్రం నాలుగున్నరకు చేరే పథకం వేయకండి. క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణ ఘట్టాలు మూడు వైపులా ఉంటాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ పాస్నెట్ దొర కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి దొరికేలా కట్టించిన ఈ చర్చిని 1924 డిసెంబర్‌లో ప్రతిష్ఠించారు. ఆదివారం పొద్దున ఆరాధన జరుగుతుంది, చూడటానికి వచ్చినవాళ్లు అది ముగిశాకే లోపలికి వెళ్లడం మర్యాద.

పోచంపల్లిలో చీరలు కొనడం తప్ప చూడటానికేముంది?

మగ్గం కన్నా ముందు జరిగే పని చూడండి, అసలు విద్య అక్కడుంది. నేశాక రంగు వేయరు, నేయకముందే దారానికి వేస్తారు, ఇకత్ అంటే అదే. మేకుల మీద దారాన్ని అటూ ఇటూ తిప్పి వరసలు పోయడం ఆసు. ఈ చాకిరీ ఇళ్లలో ఆడవాళ్ల భుజాలను అరగదీసేది. తల్లి పడే బాధ చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత గీత ప్రకారం దారపు కట్టలకు సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో బిగించి కడతారు, దాన్నే చిటికి కట్టడం అంటారు. కట్టిన చోట రంగు అంటదు. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ముంచుతారు. మగ్గం మీదికెక్కాక నేతగాడు అడ్డంగా పోయే ప్రతి పేక పోగునూ వేలితో ఒక పిసరు జరిపి గుర్తు కలిపి బిగిస్తాడు. ఆ జరపడం ఒక్కటి దగ్గర నిలబడి ఐదు నిమిషాలు చూడండి.

ఇవి జనం కాపురముండే ఇళ్లు. గుమ్మం దగ్గర అడిగి లోపలికి వెళ్లండి, దారం తాకకండి, ఫొటోకు ముందు అడగండి. ఆదివారం కొన్ని మగ్గాలు ఆగి ఉంటాయి, శనివారం పొద్దున మేలు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చింది ఈ ఊళ్లోనే, భూదాన్ పోచంపల్లి అన్న పేరు అందుకే.

కొన్న చీర అసలు ఇకత్తో, అచ్చువేసిందో ఎలా తెలుస్తుంది?

తిరగేసి చూడండి. ఇకత్‌లో రంగు దారానిదే కాబట్టి రెండు వైపులా ఒకే చిక్కదనం ఉంటుంది. అచ్చువేసిందైతే వెనకవైపు వెలిసినట్టుంటుంది. తర్వాత పువ్వు అంచు చూడండి. ఇకత్‌లో అంచులు కాస్త చెదిరి, ఈకల్లా ఉంటాయి, గీత గీసినట్టు తెగినట్టుంటే అనుమానించాలి. చేనేత గుర్తు, పట్టుకైతే సిల్క్ మార్క్ ఉందేమో అడిగి, బిల్లు తీసుకోండి.

## తిరుగు ప్రయాణం

ఎన్నింటికి తిరుగుముఖం పట్టాలి?

డిసెంబర్‌లో పావుతక్కువ ఆరింటికే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఏడు కావస్తుంది. చలికాలం నాలుగుకు, ఎండాకాలం ఐదుకు బయల్దేరండి. అనంతగిరి నుంచి చేవెళ్ల మీదుగా వచ్చేవాళ్లు మరీ జాగ్రత్త. రెండు పక్కలా పాత మర్రిచెట్లు, ఇరుకు రోడ్డు, ఎదురుగా భారీ లారీలు. ఆ మర్రిచెట్ల దారి పగటిపూట ఎంత అందమో చీకట్లో అంత ప్రమాదం, అక్కడ ముందు బండిని దాటే ప్రయత్నం చేయకండి. పొద్దుటి నుంచి ఎండలో తిరిగిన డ్రైవరుకు భోజనం తర్వాత ఇరవై నిమిషాలు కునుకు తీయనివ్వండి.

దారిలో సీతాఫలాలు, ముంజలు కొంటే ఇంటికి చేరేసరికి నిలుస్తాయా?

సీతాఫలాలు సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా దొరుకుతాయి. కళ్ల మధ్య గాడి పసుపు తిరిగి, కాయ ఇంకా గట్టిగా ఉన్నవి ఏరుకోండి. బుట్టలో అడుగున గడ్డి లేదా కాగితం వేసి ఒక్క వరసే పేర్చండి, ఒకదాని మీద ఒకటి పెడితే కిందివి పగులుతాయి. కాయగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో పెడితే పండవు, తొక్క నల్లబడి గట్టిపడతాయి. ముంజలు మాత్రం ఒలిచినవి కొనకండి, గెలగా తెచ్చుకుంటే మర్నాటి దాకా ఆగుతాయి. ఒలిచాక రెండు మూడు గంటల్లో తినేయాలి, ఆ తర్వాత లోపలి నీరు పులుస్తుంది.